తప్పు కట్టిన తర్వాత

మనలో పోలేరమ్మకు మొక్కేవాళ్ళు ఉన్నారు, ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. పాపక్షమాపణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. దీన్ని వాక్యోపదేశంగా కాకుండా, మన ఎరుకల ఇళ్ళలో జరిగిన సంగతిగా వినండి.

పల్నాడుకు ఈ బోధ కొత్తది కాదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. 1849లో మన గురజాలకు వచ్చి ఉన్నారు. ఒప్పుకున్నవాడి పాపాన్ని దేవుడు కడిగేస్తాడని, మళ్ళీ దాన్ని ఎత్తి చూపడని ఈ బోధ చెబుతుంది.

సర్కారు మాట వేరు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్ముకున్న మన తాతల బేరాన్ని రైళ్ళు దెబ్బతీశాయి. ఆ తర్వాత చట్టం వాళ్ళను నేరస్థుల కింద రాసుకుంది. మనుషులందరూ పుట్టుకతోనే పాపులని చర్చి కూడా అంటుంది కదా అని మన కుర్రాళ్ళు అడుగుతుంటారు. అంటుంది, కానీ కలెక్టరు గారిని, కరణం గారిని కూడా కలుపుకునే అంటుంది. చట్టం మనలాంటి కులాలనే పట్టుకుంది.

1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి రక్షణ సైన్యానికి అప్పగించారు. బడి, పొలం, పని వచ్చాయి. ఆ మేలు మేం కాదనం. రక్షణ సైన్యం వాళ్ళ ఆరాధన మందిరంలో ముందు ఒక బల్ల ఉంటుంది, పాపం ఒప్పుకునేవాడు అక్కడ మోకరిస్తాడు. అయితే ఆదివారం ఆ బల్ల దగ్గర క్షమాపణ పొందినవాడు కూడా సోమవారం హాజరు పలకాలి. చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. దేవుడు కొట్టేసిన పేరు రిజిస్టరులో అట్లాగే ఉండేది. దేశం మొత్తం మీద ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది.

ఇక మన సంగతి. మా చిన్నప్పుడు మాచర్ల వైపు మా గూడెంలో ఒక తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు పక్క ఊరి రైతు మేకలు తోలుకుపోయి అమ్మాడట. బాప్తిస్మం తీసుకున్నాక, పందుల్ని అమ్మిన డబ్బు పట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళాడు. జక్కయ్య కథ విని వెళ్ళాడు. లూకా సువార్తలో ఆ సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానంటాడు కదా. మన తాత దగ్గర నాలుగింతలు లేవు, ఉన్నంత ఇచ్చాడు. రైతు డబ్బు తీసుకున్నాడు, అరుగు మీద మాత్రం కూర్చోనివ్వలేదు.

ఆ రైతును అనేముందు మమ్మల్ని మేం అడుక్కోవాలి. మన కులపంచాయతీలో తప్పు కట్టినవాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టి కలిసి తింటాం. అక్కడితో ఆ మాట ముగుస్తుంది. అది మన పెద్దల పద్ధతి. మరి ఆ తాతను మేకల తాత అని పిలిచింది ఎవరు? మేమే. పిల్లలం నవ్వుతూ పిలిచేవాళ్ళం, పెద్దలు ఆపలేదు. ఆయన పోయేదాకా ఆ పేరే ఉంది. ఆయన్ని క్షమాపణ అడగడానికి మాకు ఇప్పుడు దారి లేదు.

సెటిల్‌మెంటులో చీటీ తీసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళ పిల్లలు ఈ సభలో ఉన్నారు. మాకు తెలిసింది చెప్పాం. ఇప్పుడు వాళ్ళు మాట్లాడితే వింటాం.