మదనపల్లె మాస్టరు – తిరువనంతపురం చిత్రాలయం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికకు వ్యాసమంటే మిషనరీ దొరల చరిత్ర అనుకొంటారు. చేంబర్లేను దొరగారిని గూర్చి, మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని గూర్చి, ఆరోగ్యవరమును గూర్చి మాకంటె బాగా చెప్పగలవారు మీలో చాలమంది ఉన్నారు. మేము చెప్పబోయేది మన సంఘపు రిజిస్టరులో ఎన్నడూ పేరు లేని మనిషిని గూర్చి. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. మన మదనపల్లె బిసెంటు కాలేజీలో ఇంగ్లీషు మాస్టరుగా, ప్రిన్సిపాలుగా పనిచేసి, 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన ఐర్లాండు దేశస్థుడు.

ఆయన మెథడిస్టు కుటుంబంలో పుట్టారు. తరువాత ఆ దారి విడిచి దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. తిరువాన్కూరులో ఉన్న కాలంలో హిందూ ధర్మం స్వీకరించారు. అటువంటి వానిని గూర్చి సంఘం కూడికలో మాట్లాడుట దేనికని ఒకరిద్దరు పెద్దలు మమ్మును అడిగారు. అడగవలసిన మాటే. ఆయన నమ్మకమును మేము బలపరచుట లేదు. అయితే ఆయన చేసిన పని ఒకటుంది, అది మనం చేయలేదు. అందుకే ఈ ప్రసంగం.

కజిన్స్ 1873లో బెల్‌ఫాస్టులో పుట్టారు. కలిగిన ఇల్లు కాదు. రాత్రి బడుల్లో చదివి, గుమాస్తాగా చేరి, ఆ ఊరి మేయరుకు సెక్రెటరీ అయ్యారు. డబ్లిను వెళ్లి పద్యాలు, నాటకాలు రాశారు, బడిలో పాఠాలు చెప్పారు. కవి యేట్స్ చుట్టూ చేరిన వారిలో ఆయన ఒకరు. 1903లో మార్గరెట్ గారిని పెండ్లాడారు. 1915లో అనిబిసెంటు పిలుపు మీద దంపతులు మదరాసు వచ్చి, ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరారు. మరుసటి సంవత్సరం ఐర్లాండులో తిరుగుబాటు జరిగింది. ఆ వీరులను మెచ్చుకొంటూ ఒక వ్యాసం రాసినందుకు ఆయన పత్రిక కొలువు పోయింది. ఆ విధంగా మన మదనపల్లెకు వచ్చారు. ఆ వ్యాసం రాయకుంటే ఆయన ఇటు వచ్చేవారో లేదో!

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు గారు ఇక్కడికి వచ్చుట, ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చుట, మార్గరెట్ గారు దానికి స్వరం రాయుట మన ఊరి పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. దాన్ని పొడిగించము.

తెలియనిది రెండవ కథ. కజిన్స్ కుంచె పట్టినవారు కారు, చిత్రకళ చదివి డిగ్రీ పుచ్చుకొన్నవారూ కారు. డాక్టరు బిరుదు కూడా 1922లో జపానులోని కియో విశ్వవిద్యాలయం ఇచ్చినదే. అక్కడ కొంతకాలం పాఠాలు చెప్పి వచ్చారు. కాని 1916లోనే కలకత్తా నుండి అవనీంద్రనాథ టాగూరు, ఆయన శిష్యులు వేసిన పటాలు తెప్పించి మదరాసులో ప్రదర్శన పెట్టారు. దక్షిణదేశంలో అటువంటి ప్రదర్శన అదే మొదటిది. ఆ రోజుల్లో బొమ్మలంటే అచ్చు పటాలు, క్యాలెండర్లు. మన ఇండ్లలోనైతే సండేస్కూలు కార్డులు. మన దేశంలో ఈనాడు జీవించియున్న చిత్రకారుడు ఒకడుంటాడని, అతని పనిని నిలబడి చూడాలని చెప్పినవారు తక్కువ. కొద్ది కాలానికి ఆ బెంగాలీ పద్ధతి బందరు జాతీయ కళాశాలకూ వచ్చింది. అక్కడ ప్రమోదకుమార చటర్జీ గారి దగ్గర నేర్చినవారే మన అడివి బాపిరాజు గారు.

1924లో మైసూరు మహారాజు జగన్మోహన ప్యాలెసులో చిత్రశాల ఏర్పరచినప్పుడు కజిన్స్ సలహా తీసుకొన్నారు. తరువాత తిరువాన్కూరు సంస్థానం ఆయనను కళా సలహాదారుగా పెట్టుకొన్నది. 1935 సెప్టెంబరు 25న తిరువనంతపురంలో నేపియరు మ్యూజియం ఆవరణలో శ్రీ చిత్రాలయం తెరిచారు. దానిని కూర్చినవారు మన మాస్టరే. 1930లలో ఆయన మరల మదనపల్లె ప్రిన్సిపాలు. ఇక్కడ కాలేజీ, అక్కడ చిత్రాలయం.

మేము నలుగురం కుప్పంలో రైలెక్కి వెళ్లి ఆ చిత్రాలయం చూచి వచ్చాం. మొగలు, రాజపుత్ర, తంజావూరు పటాలు. చైనా, జపాను, టిబెటు, బాలి దేశాల పనితనం. రష్యా నుండి వచ్చిన రోరిక్ కొండల చిత్రాలు. వీటన్నిటితో పాటు రాజా రవివర్మ తైలవర్ణ చిత్రాలు. ఇక్కడ కజిన్స్ గారి నిదానమును మెచ్చుకోవాలి. ఆయన ఎత్తిపట్టిన బెంగాలు వారికి రవివర్మ పద్ధతి గిట్టదు, అది సీమ అనుకరణ అని తీసివేసేవారు. పటాలు కూర్చే చేయి తనకు నచ్చినవే తగిలించి, తక్కినవి గోదాములో పడవేయవచ్చును. ఆయన ఇద్దరికీ ఒకే కప్పు కింద చోటిచ్చారు. చూచేవాడు తానే తేల్చుకొంటాడు. 2023లో రవివర్మ చిత్రాలకు అదే ఆవరణలో వేరే గ్యాలరీ కూడా కట్టారు.

ఒక తేదీ గమనించండి. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చినది 1936 నవంబరు 12న. చిత్రాలయం అంతకు ఏడాది ముందే తెరిచారు. మన తాతల్లో అనేకులకు గుడి వాకిలి, ఊరి బావి మూసి ఉన్న కాలమది. రాజుగారి గోడల మీది పటాలు జనం చూచే గోడల మీదికి వచ్చాయంటే, అది చిన్న సంగతి అని మాకు తోచలేదు.

1948లో తిరువాన్కూరు కళలపై స్టెల్లా క్రామ్రిష్, వాసుదేవ పొదువాళ్ గార్లతో కలసి ఆయన ఒక గ్రంథం వెలువరించారు. 1950లో దంపతులిద్దరూ కలసి తమ జీవితకథ అచ్చువేశారు. మార్గరెట్ గారు పక్షవాతంతో చాలా ఏండ్లు బాధపడి 1954లో పోయారు. రెండేండ్లకు ఆయనా పోయారు.

ఇక మన సంగతి. పేరు చెప్పము గాని, మన వైపు ఒక మందిరంలో సున్నం కొట్టించేటప్పుడు పాత ఫొటోల చట్రాలు దించారు. చట్రాలు బాగున్నవని క్యాలెండర్లకు వాడారు, లోపలి ఫొటోలు చెత్తలో పోయాయి. మేము తెలిసి వెళ్లేసరికి మూడు మిగిలాయి. ఒకదానిలో తెల్లచీరలు కట్టిన బైబిలు స్త్రీలు వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరూ పేర్లు చెప్పలేకపోయారు. పుంగనూరు పొట్టి ఆవు సంగతి మీకు తెలియనిదా? ఇంటింటా ఉన్నన్నాళ్లు ఎవరూ లెక్క చేయలేదు. అంతరించే దశకు వచ్చిన తరువాత పలమనేరు ఫారములో వెదకి వెదకి పెంచుతున్నారు.

కజిన్స్ గారికి మహారాజులు దొరికారు. మనకు దొరకరు, అక్కరా లేదు. మదనపల్లె పార్సనేజి వెనుక గదిలో ఒక బీరువా ఖాళీ చేయించాం. మూడు సంఘాల వారు ఇంట్లోని పాత ఫొటోలు, బాప్తిస్మపు చీటీలు, కీర్తనల చేతిపుస్తకాలు తెస్తే రసీదు రాసి ఇస్తాం. విడువలేనివి ఫొటో తీసుకొని మీవి మీకే తిరిగి ఇస్తాం. ఎవరెవరో, ఏ సంవత్సరమో తెలిసినంత వరకు ఫొటో వెనుక అంచున పెన్సిలుతో మెల్లగా రాయండి. పెన్ను వాడకండి, సిరా ముందుకు దిగుతుంది. ఆ బైబిలు స్త్రీల ఫొటో బల్ల మీద ఉంచాం. కాఫీకి వెళ్లే ముందు పెద్దమ్మలు ఒకసారి కండ్లద్దాలు పెట్టుకొని చూడవలెనని మా మనవి.