మోదుగపూవును తేనెపిట్టయు

ఫాల్గుణమాసము వచ్చుసరికి ములకలపల్లి చుట్టునున్న అడవులలో మోదుగచెట్లు ఆకు రాల్చి, కొమ్మకొమ్మకును ఎఱ్ఱని పూవులు తొడిగి నిలిచియుండును. ఆ పూవులమీద బొటనవ్రేలంత పిట్టయొకటి వ్రాలి, వంకరముక్కును లోనికి దూర్చి, క్షణములో మఱియొక పూవునకు పోవుచుండును. ఎండ తగిలినప్పుడు దాని మెడ నీలమై, ఊదాయై, మరల నల్లనై తోచును. దానిని జూచి చదువుకొన్నవారు పలువురు “అదిగో హమ్మింగు పక్షి” యందురు. ఇంటి ముసలమ్మ మాత్రము “తేనెపిట్ట” యనును. ముసలమ్మ మాటయే నిజము.

హమ్మింగు పక్షి మన దేశమున లేదు. అందు 350కి పైగా జాతులు కలవు. అవి యన్నియు అమెరికా ఖండములందును, అచ్చటి ద్వీపములందును మాత్రమే యున్నవి. అచ్చట కాపురమున్న మన తెలుగువారు పెరటిలో పంచదారనీటి బుడ్డి వ్రేలాడగట్టి, వాని రాకకై కనిపెట్టుకొని యుందురు. వింత యేమనగా, సుమారు 3 కోట్ల యేండ్లనాటి హమ్మింగు పక్షుల శిలాజములు జర్మనీలో దొరకినట్లు 2004లో ప్రకటింపబడినది. ఒకప్పుడు పాతఖండమునందును అవి యుండి, పిదప నశించినవన్నమాట.

ఆ పక్షి చేష్టలు నిజముగా ఆశ్చర్యకరములు. క్యూబాలోని యొక జాతి తూకము 2 గ్రాములు మాత్రమే. పెక్కు జాతులు సెకండునకు 50 సార్లు ఱెక్క లాడించును. ఆ ఝుంకారమునుబట్టియే దానికా పేరు. ఏ ఆధారమును లేక గాలిలో నిలిచి త్రాగును, వెనుకకును ఎగురును. ఎగురునప్పుడు గుండె నిమిషమునకు 1,200 సార్లు కొట్టుకొనుట కలదు. ఇంత ఖర్చుగల ప్రాణి రాత్రివేళ ఆహారము లేక యెట్లు బ్రదుకును? దేహమును చల్లబఱచుకొని, గుండెను నెమ్మదింపజేసి, మృతప్రాయమై పడియుండును. పెరూ పర్వతములలో నొక పక్షి దేహోష్ణము రాత్రి 3.3 డిగ్రీలవఱకు దిగినట్లు 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తెల్లవారుసరికి అది మరల వేడెక్కి లేచిపోవును!

మన తేనెపిట్టకు ఆ పక్షితో చుట్టఱికము లేదు. మండపముల కప్పులకు గూళ్లుకట్టి, దినమంతయు ఆకసముననే తిరుగు నల్లపిట్టలు హమ్మింగు పక్షికి దగ్గఱి బంధువులు. తేనెపిట్టయో, కాకి పిచ్చుకల వర్గములోనిది. వృత్తి యొకటగుటచే రూపము కలిసినది. పొడుగుముక్కు, పొడుగునాలుక రెండింటికిని అమరినవి. మెఱుగుటీకల నిగ్గు కూడ రెండింటను రంగుపదార్థమువలన గాక, ఈకలలోని సూక్ష్మమైన పొరలపై వెలుగు ఆడుటవలన కలుగునదే. మనపిట్టయు గాలిలో క్షణకాలము నిలువగలదు గాని, కొమ్మపై కూర్చుండి త్రాగుటయే దాని మర్యాద. మోదుగకొమ్మ దానికి పీట వేసియే యుంచినది గదా!

ఆ విందు ఊరక దొరకునది కాదు. పిట్ట తేనె త్రాగుచుండగా పుప్పొడి దాని యొడలి కంటుకొని మఱియొక చెట్టునకు చేరును. ఢిల్లీ శాస్త్రజ్ఞులు మోదుగను పరిశీలించి 2003లో ప్రకటించిన దానినిబట్టి, పూవునకు వచ్చు పలు ప్రాణులలో ఈ పనిని చక్కగా నెఱవేర్చునది ఊదారంగు తేనెపిట్ట. దానికి తోడు ఉడుత. మన విస్తరాకు, మన లక్క, మోదుగనుండి వచ్చునవి. ఆ చెట్టు కాయకట్టుట యీ గుప్పెడు ప్రాణిమీద నెంతో ఆధారపడియున్నది.

ఇక గూటి సంగతి. ఆడుపిట్ట సాలెపట్టులు తెచ్చి, నారలు, ఎండుటాకులు, పురుగుల రెట్టలు అతికించి, వ్రేలాడు సంచివంటి గూడు కట్టును. ద్వారముపై చిన్న చూరును దించును. పిచ్చికొమ్మకో, ఇంటి వసారాలోని త్రాటికో అది వ్రేలాడును. చూచువారికి గాలికి చిక్కిన చెత్తవలె నుండును. శత్రువులు మోసపోవుటకే యా యేర్పాటు. కాని మనమును మోసపోవుచున్నాము. ఉగాదికి ఇల్లు దులుపునప్పుడు చీపురుకఱ్ఱ మొదట తగులునది దానికే. లోపల రెండు గ్రుడ్లుండునని యెవ్వరు తలంతురు?

గ్రుడ్డు పెట్టినది మొదలు పిల్ల యెగురువఱకు పట్టునది సుమారొక మాసము. ఆ మాసము పిల్లలకు తేనె చాలదు. తల్లి పురుగులను, సాలీళ్లను పట్టి తెచ్చి పెట్టును.

శ్రోతలారా, దూరదేశపు పక్షి వింతలు వినుట మంచిదే. అయినను దాని పేరు మన పిట్టకు తగిలించి, మన పిట్ట గూటిని చెత్తబుట్టలో వేయుట న్యాయము కాదు. ఈ యుగాదికి వసారా దులుపుటకు ముందొక్కసారి తలయెత్తి చూడుడు. వ్రేలాడు చెత్తలో చిన్న ద్వారము కనబడెనా, ఆ మూలను మాసము దినములు విడిచిపెట్టుడు. మరుసటి ఫాల్గుణమున మోదుగ మీ ఋణము తీర్చుకొనును.