లెక్క తప్పితే న్యాయమూ తప్పుతుంది
(మూలపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



ద్వేష నేరాలపై హక్కుల సంఘాలు ప్రకటించే నివేదికలను ఎంతవరకు నమ్మవచ్చు? ఇది మనల్ని గిట్టనివారు వేసే ప్రశ్న అని దాటవేయరాదు. ముందుగా మనమే వేసుకోవలసిన ప్రశ్న ఇది.

నిజానికి ఈ లెక్క ప్రభుత్వం చేయవలసినది. జాతీయ నేర రికార్డుల సంస్థ 2017లో మూకహత్యల వివరాలు సేకరించింది. చట్టంలో నిర్వచనం లేనందున అవి నమ్మదగినవి కావంటూ ఆ సేకరణను నిలిపివేసినట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్, ఐదుగురు లేక అంతకు మించినవారు కులం, సమాజం, భాష వంటి కారణాలతో చేసే హత్యను ప్రత్యేకంగా పేర్కొన్నది. అందులో మతం అన్న మాట మాత్రం లేదు.

ప్రభుత్వం వదిలిన ఖాళీని సంఘాలు పూరిస్తున్నాయి. వాటికి ప్రధాన ఆధారం పత్రికా వార్తలు. అందువల్ల రెండు లోపాలు కలుగుతున్నాయి. ఉద్దానం పల్లెలో పెద్దమనుషులు సర్దిచెప్పిన బెదిరింపు పత్రికకెక్కదు, లెక్కకూ రాదు. పత్రికకెక్కిన తగాదా మాత్రం విచారణకు ముందే ద్వేష నేరమైపోతుంది.

ఇదే సంతబొమ్మాళి మండలంలో 2021 జనవరిలో పాత ఆలయంలోని నంది విగ్రహాన్ని తీసి కూడలిలో పెట్టారు. అంతర్వేది రథ దహనం, రామతీర్థం విగ్రహ ధ్వంసం జరిగిన తర్వాత వచ్చిన ఉదంతమది. పోలీసులు ప్రతిపక్షం వారిపై కేసు పెట్టారు. ఆ పక్షం దానిని ఖండించింది. ఇటువంటి సంఘటనలన్నింటినీ ఒకే శీర్షిక కింద చేర్చి, ఒకే ఉద్దేశం అంటగట్టితే నిజం తెలుస్తుందా? అది తగదని మనం అన్నప్పుడు, మన జాబితాలకూ అదే కొలబద్ద వర్తించాలి.

కాబట్టి సంఘటనను, దాని వెనుక ఉద్దేశాన్ని వేర్వేరుగా నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ సంఖ్య, తేదీ రాయాలి. అనుమానమున్నదాన్ని అనుమానంగానే ఉంచాలి. కోర్టు తీర్పు వచ్చాక, అది మనకు రుచించకున్నా చేర్చాలి. బాధితుడు ముస్లిమైనా, క్రైస్తవుడైనా, దళితుడైనా, హిందువైనా కొలత మారరాదు. వార్త అందినప్పుడు నిర్ధారించుకోవాలని సూరా హుజురాత్ మనకు విధించిన బాధ్యత కూడా ఇదే.

ఒక్క తప్పుడు నమోదు దొరికితే చాలు, జాబితా అంతా కట్టుకథ అనేవారు సిద్ధంగా ఉన్నారు. అప్పుడు నష్టపోయేది నివేదిక రాసినవారు కారు, న్యాయం కోసం ఠాణా చుట్టూ తిరుగుతున్న కుటుంబం. ఈ తీరం నుండి ఏ సంఘటననైనా పంపేముందు ఆ ఇంటికి వెళ్లి, ఇరుపక్షాల మాట విని, కాగితం చూసి పంపుదామని మనవి.