ఇంటి కుక్కకు పొడి తిండి: సంచి మీద బొమ్మ కాదు, లేబులు చూడండి



పాడిపశువుల దాణాను గూర్చి, కోళ్ళ మేతను గూర్చి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈ పూట ఇంటి కుక్క తిండిని గూర్చి ముచ్చటించుకుందాం. “కుక్క తిండికి కూడా ఒక ప్రసంగమా?” అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని రాత్రివేళ చేపల చెరువు గట్టున, కళ్ళంలో కుప్పల దగ్గర, పశువుల దొడ్డి వాకిట మనకంటే ముందుగా మేలుకునేది అదే. జీతం అడగని ఆ కాపలాదారుకు పెట్టే తిండి మంచిదో చెడ్డదో తెలుసుకోవడం మన విధి.

ఇదివరకు డెల్టా పల్లెలలో కుక్కకు వేరే తిండి అంటూ ఉండేది కాదు. ఇంట్లో మిగిలిన అన్నం, కాస్త మజ్జిగ, పండుగనాడు నాలుగు మాంసపు ముక్కలు. ఇప్పుడు రోజులు మారాయి. గొల్లపూడి టోకు మార్కెట్టుకు పనిమీద వచ్చిన రైతు తిరుగు ప్రయాణంలో భవానీపురంలో ఆగి, కుక్కకని ఒక సంచి కొని బండి మీద వేసుకు పోతున్నాడు. కొట్టులో పది రకాల సంచులు ఉంటాయి. ప్రతి సంచి మీదా నిగనిగలాడే కుక్క బొమ్మ ఉంటుంది, పక్కన ఎర్రని మాంసపు ముక్క కూడా ఉంటుంది. ఏది మంచిది? ధర ఎక్కువైనదా? బొమ్మ పెద్దదా? రెండూ కాదు. ఎట్లా ఎంచుకోవాలో చెబుతాను.

మొదట ఈ పొడి తిండి ఎట్లా తయారవుతుందో తెలుసుకోండి. కైకలూరు ప్రాంతపు చేపల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. చెరువులో వేసే తేలే మేత ఉన్నది చూశారూ, ఇదీ ఆ పద్ధతిలో చేసేదే. మొక్కజొన్న, బియ్యం, గోధుమ, సోయా, ఎండబెట్టిన మాంసపు పొడి మెత్తగా మరపట్టి, ఆవిరితో ఉడికించి, ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో గట్టి ఒత్తిడితో సన్నని కంతలగుండా నెట్టుతారు. బయటికి రాగానే గుళిక పొంగుతుంది. తరువాత తేమ నూటికి 10 పాళ్ళకు మించకుండా ఆరబెట్టి, పైన క్రొవ్వు, రుచి ద్రవ్యాలు చల్లుతారు. కుక్కల ఆహారాన్ని ఈ విధంగా తయారుచేసి 1957లో అమెరికాలో బజారుకు తెచ్చారు. క్రొవ్వు గుళిక పైన పూతగా ఉంటుందనే మాట గుర్తుంచుకోండి. దానితో తరువాత పని ఉన్నది.

“అయ్యా, మా తాతలనాటి నుంచీ కుక్కలు అన్నమే తిన్నవి గదా, దీని అవసరమేమి?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్నం కుక్కకు విషం కాదు. మనిషితో కలిసి బ్రతకడం మరిగిన కుక్క, పిండిపదార్థాన్ని అరిగించుకొనే శక్తిని తోడేలు కంటే ఎక్కువగా సంపాదించుకున్నదని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. చిక్కు మరొకచోట ఉన్నది. బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్ళకు మించవు. సున్నం మరీ తక్కువ. వట్టి అన్నంతో పెరిగిన కూనకు కాళ్ళు వంకరపోతే అది జాతి దోషం కాదు, తిండి దోషం. అన్నంలో గుడ్డు, చేప, పెరుగు, పప్పు సరిపాళ్ళలో కలిపి పెట్టగలవారు నిక్షేపంగా పెట్టవచ్చు. ఆ తీరిక, ఆ లెక్క కుదరనివారికి సంచి తిండి ఉపయోగిస్తుంది. అయితే ఆ సంచి మంచిదై ఉండాలి.

ఇక లేబులు చదువుదాం. అక్షరాలు ఇంగ్లీషులో, చీమతలల్లాగ ఉంటాయి. బడికిపోయే పిల్లలచేత చదివించుకోండి.

మొదటిది, “కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్” అనే మాట ఉన్నదా? అంటే సంపూర్ణ సమతులాహారం, దానితోపాటు వేరే ఏమీ పెట్టనక్కరలేదని అర్థం. “ట్రీట్” అనిగాని, “సప్లిమెంట్” అనిగాని ఉంటే అది చిరుతిండి. దానితోనే కడుపు నింపరాదు.

రెండవది, ఆ తిండి ఏ వయసు కుక్కకు? కూనలకు “పపీ” అని, ఎదిగినవాటికి “అడల్ట్” అని వేస్తారు. కూనకు మాంసకృత్తులు, సున్నం ఎక్కువ కావాలి. అమెరికాలో ఆఫ్కో అనే మేతల అధికారుల సంఘం కనీసపు పాళ్ళు నిర్ణయించింది. తేమ తీసివేసిన లెక్కలో ఎదిగిన కుక్కకు మాంసకృత్తులు నూటికి 18, క్రొవ్వు 5.5, కూనకు, చూడి కుక్కకు, పాలిచ్చే కుక్కకు మాంసకృత్తులు 22.5, క్రొవ్వు 8.5.

ఇక్కడ చిన్న లెక్క. లేబులు మీద మాంసకృత్తులు 20, తేమ 10 అని ఉన్నదనుకోండి. తేమ పోగా మిగిలిన 90 పాళ్ళలో 20 పాళ్ళు మాంసకృత్తులు. నూటికి లెక్క కడితే 22.2. ఎదిగిన కుక్కకు ధారాళంగా చాలును. కూనకు మాత్రం వెంట్రుకవాసి తక్కువే. కాబట్టి ఒకే సంచితో తల్లికీ కూనలకూ సరిపెట్టాలని చూడకండి.

మూడవది, ఏమేమి కలిపారు? తూకంలో ఎక్కువ ఉన్నదానిని ముందు వ్రాస్తారు. అయితే ఇందులో ఒక తిరకాసు ఉన్నది. “చికెన్” అని మొదట వ్రాస్తే అది పచ్చి మాంసం. అందులో మూడింట రెండు వంతులు నీరే. ఆరిన తరువాత దాని తూకం బాగా తగ్గిపోతుంది. “చికెన్ మీల్” అంటే నీరు తీసిన పొడి. అది రెండవ స్థానంలో ఉన్నా మాంసకృత్తులు ఎక్కువ ఇవ్వవచ్చు. “చికెన్ ఫ్లేవర్” అన్నది వట్టి వాసన మాటే. సంచి ముందుభాగంలో కోడి బొమ్మ వేసి, వెనుక “ఫ్లేవర్” అని వ్రాస్తే మోసపోకండి.

ఇంకొక లెక్క. మాంసకృత్తులు 20, క్రొవ్వు 8, పీచు 5, తేమ 10, బూడిద 8 కూడితే 51. నూటిలో మిగిలిన 49 పాళ్ళు పిండిపదార్థం. అంటే సంచిలో ఇంచుమించు సగం ధాన్యమే. అది నేరం కాదు. కాని మాంసం వెల పెట్టి ధాన్యం కొనరాదు గదా!

“ధాన్యం లేనిది” అని కొన్ని సంచుల మీద గొప్పగా వేస్తారు. దానికి రెట్టింపు ధర చెబుతారు. ధాన్యం బదులు బఠాణీ, పప్పులు, దుంపలు కలుపుతారు. ఇటువంటి తిండ్లకూ కుక్కలలో ఒక గుండెజబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ చేపట్టింది. కారణం ఇదేనని రుజువు కాలేదు. అయినా వైద్యుడు చెప్పకుండా, వరి పండించే సీమలో మన కుక్కను ధాన్యానికి దూరం చేయవలసిన పని లేదు.

నాలుగవది ధర. కిలో ధర చూసి బేరం తేల్చరాదు, రోజు ఖర్చు చూడాలి. 15 కిలోల నాటు కుక్కకు రోజుకు సుమారు 850 కిలోకేలరీల శక్తి కావాలి. లెక్క కోసం ఒక సంచి కిలో 150 రూపాయలు, 100 గ్రాములలో 320 కిలోకేలరీలు అనుకుందాం. రోజుకు సుమారు 265 గ్రాములు పెట్టాలి, ఖర్చు 40 రూపాయలు. రెండవ సంచి కిలో 180 రూపాయలు, 100 గ్రాములలో 400 కిలోకేలరీలు. రోజుకు 212 గ్రాములు చాలును, ఖర్చు 38 రూపాయలు. చౌక అనుకున్నదే ప్రియమైంది! కేలరీల సంఖ్య వేయని సంచిని పక్కన పెట్టండి.

ఇంతవరకు చెప్పింది డబ్బు సంగతి. ఇక ప్రాణం సంగతి వినండి.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెదికి చూస్తే వాటి మేతలో బ్రెజిలు దేశపు వేరుశనగ చెక్క ఉన్నది. ఆ చెక్కకు పట్టిన బూజులో విషం ఉన్నది. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ, మొక్కజొన్న తడిసి బూజు పడితే ఈ విషం పుడుతుంది. కుక్క కాలేయాన్ని అది పాడుచేస్తుంది. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక రకం పొడి తిండిలో ఇది హెచ్చుగా ఉన్నట్లు బయటపడింది. మరుసటి నెలకల్లా ఆ తిండి తిన్న 70కి పైగా కుక్కలు చనిపోయినట్లు అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. ఉడికించినంత మాత్రాన ఈ విషం పోదు. బూజు దులిపివేసినా పోదు. కంటికి కనబడదు కూడా.

కృష్ణ ఒడ్డున ఉన్న మన ప్రాంతంలో గాలిలోనే తేమ. వానకాలంలో ఉప్పు డబ్బాలోనే నీరుకారుతుంది. అటువంటిచోట సంచి మూతి విప్పి, కిలోల లెక్కన విడిగా అమ్మే తిండిని కొనకండి. నాలుగు రూపాయలు కలిసిరావచ్చు. కాని ఆ సంచి ఎప్పుడు విప్పారో తెలియదు, తయారైన తేదీ తెలియదు, లేబులు మీకు రాదు. పైగా, ఇందాక చెప్పానే, గుళిక పైన క్రొవ్వు పూత ఉన్నదని! గాలి తగిలితే అది పాతనూనెలాగ కంపు పడుతుంది. కాబట్టి మూసిన సంచినే కొనండి. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచి నంబరు చూడండి. నెల రోజులలో అయిపోయేంత సంచి తీసుకోండి. 15 కిలోల కుక్కకు నెలకు 7, 8 కిలోలు చాలును. ఒక్క కుక్కకు 20 కిలోల సంచి చౌక అని తెస్తే చివరి పది కిలోలు ముక్కిపోతాయి.

ఇంటికి తెచ్చాక సంచితో సహా మూత బిగువుగల డబ్బాలో పెట్టి, నేల తగలకుండా బల్ల మీద ఉంచండి. ఎలుకలు చేరనీయకండి. ఎలుక మూత్రం వలన కుక్కకూ మనిషికీ కూడా ఎలుక జ్వరం వస్తుంది. గుళికలు అనగానే వరిచేలో చల్లే పురుగుమందు గుళికలు మీ మనసులో మెదిలి ఉంటాయి. ఆ మందునూ ఈ తిండినీ ఒకే కొట్టంలో ఎన్నడూ పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ పేటలను ముంచెత్తిన సంగతి మనం మరువలేదు. వరదనీరు తగిలిన సంచిని ఎండబెట్టి వాడుకోవచ్చునని ఆశపడకండి. పూడ్చిపెట్టండి.

కుక్క తిండి ముట్టకపోయినా, వాంతులు చేసుకున్నా, మందకొడిగా పడి ఉన్నా, కళ్ళు, చిగుళ్ళు పచ్చబడినా వెంటనే ఆ తిండి ఆపండి. సంచితోసహా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. బ్యాచి నంబరు అక్కడ పనికివస్తుంది.

మరి రెండు హెచ్చరికలు. ఇంట్లో ఉన్నది గదా అని గేదెల దాణాగాని, కోళ్ళ మేతగాని కుక్కకు పెట్టకండి. పశువుల దాణాలో యూరియా కలిసి ఉండవచ్చు. కోళ్ళ మేతలో రక్తపారుడు రాకుండా కలిపే కొన్ని మందులు కుక్కకు విషం. అట్లాగే కుక్క తినగా మిగిలినది గేదె కుడితిలో పోయకండి. అందులో మాంసపు, ఎముకల పొడి ఉంటుంది. ఇంగ్లండులో 1986లో బయటపడ్డ వెర్రి ఆవుల జబ్బు అటువంటి పొడి కలిసిన దాణావల్లనే వ్యాపించింది.

కొత్త తిండికి ఒక్కరోజులో మార్చకండి. వారం రోజులు పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ రండి. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. పొడి తిండిలో నీరు లేదు గదా. సంపూర్ణాహారం పెడుతూ, అదనంగా సున్నం బిళ్ళలు మింగించకండి. పెద్దజాతి కూనల ఎముకలకు అది కీడే చేస్తుంది.

తరువాత ఆరు వారాలు కుక్కనే చూడండి. పక్కటెముకలు చేతికి తగలాలి, దూరం నుంచి కంటికి కనబడరాదు. మలం గట్టిగా ఉండాలి. బొచ్చు మెరవాలి. ఇవి ఉంటే ఆ సంచి మంచిదే, ధర తక్కువైనా సరే. ఇవి లేకపోతే ఎంత పేరున్న సంచి అయినా మీ కుక్కకు సరిపడనట్టే.

పశుసంవర్ధక సహాయకులకు ఒక మనవి. రైతు సేవా కేంద్రానికి వచ్చిన రైతు చేత ఒక ఖాళీ సంచి తెప్పించి, లేబులు ఎదుట పెట్టుకొని ఈ లెక్కలు ఒక్కసారి చేసి చూపండి. ఒక్క రైతు నేర్చుకుంటే వీధి అంతా నేర్చుకుంటుంది.

ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, విత్తనం కొనేటప్పుడు మొలక చూస్తాం. కుక్క తిండి కొనేటప్పుడు లేబులు చూడండి, తేదీ చూడండి, సంచి మూతి చూడండి. సంచి మీద బొమ్మను కుక్క తినదు, లోపల ఉన్నదే తింటుంది.