మొదటి పరీక్ష తీర్పు కాదు



ఒక యువకునికి మూత్ర పరీక్షలో ‘పాజిటివ్’ వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ తల దించుకుంటారు. చేతికందిన ఉద్యోగం పోతుంది. వీధిలో మత్తుమందుల మనిషి అన్న ముద్ర పడుతుంది. అసలు జరిగినది ఏ పరీక్ష అని మాత్రం ఎవరూ అడగరు. మనం అడగవలసిన ప్రశ్న అదే.

మొదట జరిపేది ప్రాథమిక పరీక్ష. మత్తుపదార్థాల అణువులను పట్టుకునే యాంటీబాడీలను ఇందులో వాడతారు. ఖర్చు తక్కువ, ఫలితం నిమిషాల్లో వస్తుంది. అయితే యాంటీబాడీ గుర్తించేది అణువు రూపురేఖలను మాత్రమే. పోలిక గల మరొక అణువు ఎదురైతే పొరబడవచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ వల్ల ఆంఫెటమిన్ ఉన్నట్లు ఫలితం రావడం ఇటువంటిదే.

అందుకే రెండవదైన నిర్ధారణ పరీక్ష అవసరం. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం నమూనాలోని పదార్థాలను విడదీస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ అణువులను ముక్కలు చేసి, ముక్కల బరువులను బట్టి అవి ఏమిటో, ఎంత ఉన్నాయో తేలుస్తుంది.

అయినా యంత్రం అన్నీ చెప్పలేదు. మన కుర్మాలో నూరి వేసే గసగసాలలో స్వల్పంగా నిజమైన మార్ఫిన్ ఉండవచ్చు. మార్ఫిన్ ఉన్నదని యంత్రం చెబుతుంది. అది వంటింటి నుండి వచ్చిందా, మరొక చోటి నుండి వచ్చిందా చెప్పదు. ఈ చిక్కు వల్లనే అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్ల పరిమితిని 1998లో మిల్లీలీటరుకు 300 నుండి 2000 నానోగ్రాములకు పెంచింది. కనుక తిన్నదీ, వాడిన మందులూ వైద్యునికి ముందే చెప్పాలి. మందుల చీటీ భద్రపరచాలి.

పోలీసులు స్వాధీనం చేసుకున్న పదార్థం విషయంలోనూ ఇదే న్యాయం. అక్కడికక్కడ కిట్‌లో రంగు మారితే అది అనుమానానికి ఆధారం మాత్రమే. అది ఏ పదార్థమో తేల్చవలసినది ప్రయోగశాల. ఆ నివేదికపై అభ్యంతరముంటే, అది అందిన 15 రోజుల్లోగా న్యాయస్థానాన్ని పునఃపరీక్ష కోరాలని, అదీ అసాధారణ పరిస్థితుల్లోనే అనుమతించాలని థానాసింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. సిగ్గుతో ఇంట్లో కూర్చుంటే ఆ గడువు గడిచిపోతుంది.

మత్తును వెనకేసుకురమ్మని నేను చెప్పడం లేదు. అది మన బిడ్డలను కబళిస్తున్న మాట నిజం. వ్యసనపరునికి చికిత్స, నిర్దోషికి విముక్తి అందాలంటే ముందు సత్యం తేలాలి. అంతవరకు మన బిడ్డపై మనమే తీర్పు చెప్పకుందాం.