బోస్టను చేరిన యొంటరి చక్రారోహి
(వార్షిక మహాసభ యందు గావింపబడిన యుపన్యాసము)



విద్యార్థులకు రుచించు విషయమును జెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరియున్నారు. బాలురకు సైకిలు కంటె రుచించునది వేఱొకటి నేనెఱుగను. కావున నొక సైకిలు ప్రయాణమును, విశేషించి దాని ముగింపును గూర్చి విన్నవించెదను.

థామస్ స్టీవెన్సు అనునాతడు 1854లో ఇంగ్లండున జన్మించి, పిదప అమెరికాకు బోయినవాడు. 1884 ఏప్రిలు 22వ తేదీన పడమటి తీరమందలి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతము నుండి యొంటరిగా బయలుదేరి, ఆగష్టు 4వ తేదీన తూర్పుతీరమందలి బోస్టను నగరమును జేరెను. అమెరికాను సైకిలుతో నాకొసనుండి యీకొసకు దాటిన ప్రథముడితడే. దారి సుమారు 3,700 మైళ్లు. సామగ్రి యన నేమి? మేజోళ్లు, మాఱు చొక్కా యొకటి, రాత్రివేళ గుడారముగను పఱపుగను గూడ నుపయోగించు వానకోటు, ఒక పిస్తోలు.

అతడెక్కిన సైకిలు మన వీథులలో తిరుగునట్టిది గాదు. ముందు చక్రము 50 అంగుళముల యెత్తు. వెనుకది మిక్కిలి చిన్నది. గొలుసు లేదు, పెడళ్లు ముందు చక్రపు టిరుసునకే బిగింపబడియుండును. పాదమొకమాఱు చుట్టి వచ్చునప్పటికి బండి సుమారు 13 అడుగులు సాగును. చక్రమునకు ఱాయి యడ్డుపడెనా, పైనున్నవాడు తలక్రిందుగా ముందునకు బడవలసినదే. గాలి నింపిన రబ్బరు చక్రములు 1888లో గాని రాలేదు. అట్టి వాహనముతో సియెర్రా నెవాడా పర్వతముల నెక్కినాడు! అచ్చట బండి నడచు బాటయే లేదు. మంచు కప్పకుండ రైలుదారిపై కొయ్యతో నిర్మించిన చావడులలో, ఆ చీకటిలో, సైకిలును ద్రోసికొనుచు నడచెను. ఖండమునకడ్డముగా రైలుదారి 1869లోనే పూర్తియైనదని మఱవరాదు. అనగా, టిక్కెట్టు కొన్నచో గూర్చుండి పోవదగిన బండి తన ప్రక్కనుండియే పోవుచుండగా నితడు నడచుచుండెను.

దారిలో మూడవవంతునకు మించి నడకయే. అయినచో నతడు సైకిలుపై దేశమును దాటెనని యెట్లు చెప్పవచ్చును? తరగతిలో వెనుకబల్ల మీది కుఱ్ఱవాడు తప్పక నడుగదగిన ప్రశ్న యిది. శాస్త్రజ్ఞులు ఛత్రిన్యాయమును జెప్పుదురు. పలువురు గొడుగులతో బోవుచుండగా, నడుమ గొడుగు లేనివారు కొందఱున్నను, "గొడుగులవారు పోవుచున్నారు" అనియే లోకవ్యవహారము. ఎక్కిన దూరమధికము గనుక నంతయు సైకిలు ప్రయాణమే యని దీనిచే సిద్ధించును. కాని నాకీ సమాధానము చాలదు. గొడుగు లేనివాడు గొడుగులవారిలో దయచే జేర్పబడినవాడు. నడక యట్లు చేర్పబడినది గాదు. ఎక్కినప్పు డతనిని సైకిలు మోసినది. దిగినప్పుడు దాని నతడు గొనివచ్చెను. బాట లేనిచోట దానిని విడిచియుండినచో, బాట దొరకినచోట నేమెక్కియుండును?

మొత్తము నూటమూడున్నర దినములు పట్టెను. అందు వానలు మొదలగువానిచే నిలిచిపోయినవి ఇరువది. తక్కిన ఎనుబదిమూడున్నర దినములకు బంచి చూడుడు: దినమునకు 44 మైళ్లు! మంచి బాట మీద నిది గొప్ప వేగము గాదు. త్రోసికొనిపోయిన మైళ్లను గూడ గలిపి చూచినవారికే దీని విలువ తెలియును.

పోషకమహాశయులు చిత్తగింపవలసిన దొకటి కలదు. బోస్టను చేరిన పిమ్మట, ఆ శీతకాలమున న్యూయార్కులో నుండి యతడు 'ఔటింగు' అను పత్రికకు దన ప్రయాణమును గూర్చి వ్రాసెను. ఆ పత్రిక యతనిని దన విలేఖకునిగా జేసికొని 1885లో భూప్రదక్షిణమునకు బంపెను. గమ్యమును జేరినవానికి జేయూత యిచ్చుట యుచితమే. మన విద్యానిధియు నిట్లే, తరగతిలో మొదట నిలిచిన బాలునికి బహుమతి నిచ్చుచున్నది. ఒక పాఠ్యమున దప్పి, మరల బరీక్షకు గూర్చుండ దలచినను రుసుము చెల్లింపలేక చదువు మానుకొను బాలుడు మాత్రము సియెర్రాలో నడచుచున్నవాడే. అట్టివారి రుసుమునకై యీ యేటి నిధిలో నాలుగవవంతు వేఱుగా నుంచుడని నా ప్రార్థన. నేటి సాయంకాలపు సమావేశమున దీనిని తీర్మానముగా బ్రవేశపెట్టెదను.

స్టీవెన్సు మన దేశమునకును వచ్చెను. ఆఫ్ఘన్ దేశమున నధికారులు నిలిపి వెనుకకు బంపివేయగా, చుట్టుదారిని ఓడలో కరాచీకి వచ్చి, రైలులో లాహోరు చేరి, అచ్చటినుండి 1886లో గ్రాండ్ ట్రంకు రోడ్డు వెంబడి కలకత్తా వఱకు సైకిలుపై సాగెను. ఆ యేడు డిసెంబరు 17వ తేదీన జపానులోని యొకహామాలో నతని సైకిలు ప్రయాణము ముగిసినది. ఆ కథనంతయు రెండు సంపుటములుగా వ్రాసి ప్రకటించినాడు. ఇంగ్లీషు చదువగల బాలురు రెండవ సంపుటమున మన దేశపు భాగమును ముందుగా జదువవచ్చును.