పని చేతులు మారే చోట

(సభ్య కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేమిద్దరం భార్యాభర్తలం. జురాంగ్ వెస్ట్‌లోనే ఉంటూ ఇళ్ళ రినోవేషన్ పనులు చేసే చిన్న సంస్థ ఒకటి నడుపుతున్నాం. ఒకరం సైటు చూసుకుంటాం. ఇంకొకరం లెక్కలు, ఆర్డర్లు, ఫోన్లు చూసుకుంటాం. మన సభ్యుల్లో కొన్ని కుటుంబాలు ఈమధ్య కొత్త ఫ్లాట్లు తీసుకున్నాయి. కొందరు పాత ఫ్లాటు కొని బాగు చేయించుకుంటున్నారు. ఆఫీసుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పదిమంది చేత పని చేయించేవారు కూడా మనలో ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా మా అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. మాకు తెలిసినంత చెబుతాం.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. సింగపూర్‌లో ఇల్లు కట్టే బాధ మనకు లేదు. 1960 నుంచి ఆ పని హెచ్‌డీబీ చేస్తోంది. మనకు మిగిలేది లోపలి పని. అయితే ఆ లోపలి పనిలోనే సామెత మొత్తం నిజమవుతుంది.

ఒక పాత 4 రూముల ఫ్లాటు తీసుకోండి. ముందు గోడలు, పాత టైల్స్ పగలగొట్టేవారు వస్తారు. తరువాత ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వాటర్‌ప్రూఫింగ్ వేసేవారు, టైల్స్ మేస్త్రి, కార్పెంటర్, ఏసీ వారు, పెయింటర్, చివరికి ఇల్లు కడిగేవారు. తొమ్మిది రకాల మనుషులు ఒకరి తరువాత ఒకరు అదే ఇంట్లోకి వచ్చి వెళ్తారు. మా దగ్గర నెల జీతం మీద ఉండేది కొద్దిమందే. మిగిలినవారు ఉప కాంట్రాక్టర్ల మనుషులు. వాళ్ళలో శ్రీకాకుళం వారున్నారు, తమిళనాడు వారున్నారు, బంగ్లాదేశ్ వారున్నారు, జొహోర్ నుంచి తువాస్ వంతెన దాటి వచ్చే చైనీస్ కార్పెంటర్లున్నారు. ఎవరి పనిలో వారు ఘనులే. పని చెడేది సాధారణంగా వాళ్ళ చేతుల్లో కాదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోట చెడుతుంది. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

మన గుడిలో అన్నదానం రోజు గుర్తు తెచ్చుకోండి. కూరలు తరిగేవారు, వండేవారు, వడ్డించేవారు అందరూ మంచి మనసుతో వచ్చినవారే. అయినా ఒక్కోసారి పులుసు సిద్ధంగా ఉంటుంది, అన్నం ఇంకా ఉడుకుతూ ఉంటుంది, విస్తళ్ళు ముందు కూర్చున్నవారు ఎదురు చూస్తుంటారు. అక్కడ ఎవరూ బద్ధకించలేదు. అన్నం ఎప్పటికి దించాలో వండేవారికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇంటి పనిలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే నష్టం వేల డాలర్లలో ఉంటుంది.

ఒక ఉదాహరణ. కిచెన్ కబోర్డులకు కొలతలు టైల్స్ వేశాకే తీసుకోవాలి. టైలు మందం, కింద సిమెంటు పొర కలిస్తే గోడ ముందుకు వస్తుంది, నేల పైకి లేస్తుంది. తొందరపడి ఉత్త గోడకు కొలత తీసి పంపిస్తే కబోర్డు తయారై వచ్చాక పట్టదు. కార్పెంటర్ల వర్క్‌షాపులు చాలావరకు జొహోర్‌లో ఉన్నాయి. తిరిగి పంపి మళ్ళీ చేయించాలంటే వారాలు పోతాయి. ఇక్కడ కార్పెంటరు తప్పు లేదు, మేస్త్రి తప్పూ లేదు. ఇద్దరి మధ్య ఉండవలసిన మనిషి లేడు.

అందుకని మేము మూడు పద్ధతులు పెట్టుకున్నాం.

మొదటిది, పని అందుకునేవాడే పరీక్షించాలి. ప్లంబరు పని అయిందని ప్లంబరు చెబితే చాలదు. దాని మీద వాటర్‌ప్రూఫింగ్ వేయబోయే మనిషి చూసి సరేననాలి. అతని పని మీద టైలు వేయబోయే మేస్త్రి చూసి సరేననాలి. అతను సరేనన్నాకే ముందు మనిషికి ఆ దశ డబ్బు ఇస్తాం. ఇది పెట్టిన కొత్తలో గొణుగుళ్ళు వచ్చాయి. కొన్నాళ్ళకు వాళ్ళే ముందురోజు ఫోన్ చేసి, రేపు నువ్వు వచ్చేసరికి ఏమేమి ఉండాలని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఆ ఫోన్లతోనే మా పని సగం తగ్గింది.

రెండోది, మూసే ముందు ఫొటో. గోడలో పైపు, వైరు వేశాక, సిమెంటు పూసే ముందు కొలత టేపు పక్కన పెట్టి ఫొటో తీస్తాం. ఆ ఫొటో ఆ ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. రెండు నెలల తరువాత కార్పెంటరు గోడకు డ్రిల్లు పెట్టేటప్పుడు పైపు ఎక్కడుందో అతనికి కనబడుతుంది. ఐదు భాషల సైటులో బొమ్మను మించిన భాష లేదు. పని అయ్యాక ఆ ఫొటోలన్నీ ఇంటివారికి ఇచ్చేస్తాం. పదేళ్ళ తరువాత గోడకు మేకు కొట్టేటప్పుడు అవి పనికొస్తాయి.

మూడోది, ఆపే హక్కు. టయోటా కార్ల ఫ్యాక్టరీలో లైను పక్కన ఒక తాడు ఉంటుందని మీలో చాలామంది వినే ఉంటారు. ఏదైనా తేడా కనిపిస్తే మామూలు పనివాడు కూడా ఆ తాడు లాగవచ్చు. మా సైటులో తాడు లేదు గానీ మాట ఉంది. ఎంత చిన్న పనివాడైనా సరే, ఇది బాగాలేదు, ఆపండి అంటే ఆపుతాం. ఆపినందుకు అతని కూలి తెగదు.

ఈ మూడోది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మీద గడువు ఉంటుంది. హెచ్‌డీబీ పర్మిట్ ఇచ్చాక కొత్త బ్లాకులో 3 నెలలు, పాత బ్లాకులో 1 నెల లోపల పని ముగించాలి. మామూలు పని సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. పగలగొట్టడం లాంటి చప్పుడు పనులు సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం 5 దాకానే. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు లేవు. అంటే పోయిన రోజును రాత్రిపూట పని చేసి తెచ్చుకునే వీలు లేదు. ఇది మంచిదే. గోడ అవతల పసిపిల్ల నిద్రపోతూ ఉంటుంది, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకుని ఉంటాడు.

ఈ గడువు మీద మనవాళ్ళకు ఇంకొకటి ఉంది. ముహూర్తం. ఆషాఢంలో వద్దు, మూఢంలో వద్దు, మాఘం వస్తే మంచిది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మన మాఘమాసం చాలా సంవత్సరాల్లో చైనీస్ న్యూ ఇయర్‌కు ఆనుకునే మొదలవుతుంది. 2025లో చూడండి. చైనీస్ న్యూ ఇయర్ జనవరి 29, మాఘ శుద్ధ పాడ్యమి ఆ మరునాడే. అంటే మన గృహప్రవేశాలు మొదలయ్యే వారంలోనే కార్పెంటర్లు, టైల్స్ దుకాణాల వారు పండుగకు ఇళ్ళకు వెళ్ళి ఉంటారు. దానికి ముందు నెలంతా ప్రతి కస్టమరూ పండుగ లోపల ఇల్లు కావాలంటారు. మాఘంలో ముహూర్తం కావాలంటే కొలతలు కార్తీకంలోనే అయిపోవాలి. పంతులుగారిని అడిగే రోజునే కాంట్రాక్టరును కూడా అడగండి. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని తేదీ చూడండి.

తేదీ ముంచుకొచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఒక ఇంటి సంగతి చెబుతాం. బూన్ లే దగ్గర పాత ఫ్లాటు. ముహూర్తానికి తొమ్మిది రోజులుంది. బాత్‌రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ వేశాక 24 గంటలు నీళ్ళు నిలబెట్టి కిందికి దిగుతున్నాయేమో చూడాలి. ఒక ఉప కాంట్రాక్టరు, ఈ ఒక్కసారికి పరీక్ష వద్దు, టైల్స్ వేసేద్దాం అన్నాడు. అప్పటికే పని రెండు రోజులు వెనుకబడి ఉంది. ఇంటివారు కూడా మీ ఇష్టం అన్నారు. టైల్స్ వేయవలసిన మేస్త్రి మాత్రం తాపీ పక్కన పెట్టి, నీళ్ళు పెట్టండి, రేపు వస్తాను అని వెళ్ళిపోయాడు. నీళ్ళు పెట్టాం. మరునాటికి పైపు చుట్టూ ఉన్న అంచు దగ్గర చెమ్మ కనిపించింది. మళ్ళీ పూత, మళ్ళీ 24 గంటలు.

ఆ అంచు మీద టైలు వేసి ఉంటే ఏమయ్యేది? ఆరు నెలలకో ఏడాదికో కింది ఇంటివారి కప్పు మీద మరక కనిపించేది. హెచ్‌డీబీ ఫ్లాట్లలో అలా నీళ్ళు కారితే బాగు చేయించే బాధ్యత పై ఇంటివారికీ కింది ఇంటివారికీ కలిపి ఉంటుంది. కింద ఉన్న పెద్దావిడకు ఏ సంబంధమూ లేని మన ముహూర్తం ఆమె కప్పు మీద పడేది. అప్పటికి ఉప కాంట్రాక్టరు ఎక్కడుంటాడో తెలియదు. పై ఇల్లు, కింద ఇల్లు మాత్రం లిఫ్టులో రోజూ ఎదురుపడుతూ ఉంటాయి.

గృహప్రవేశం ఆ ముహూర్తానికే జరిగింది. పంతులుగారితో మాట్లాడి, పూజకు, పాలు పొంగించడానికి కావలసినంత చోటు సిద్ధం చేశాం. పెయింటు, థిన్నరు డబ్బాలన్నీ ముందురోజే బయటికి తీయించాం. నిప్పు పెట్టే చోట అవి ఉండకూడదు కదా. కుటుంబం కాపురానికి మాత్రం రెండు వారాల తరువాత వచ్చింది. ముహూర్తానికి కావలసింది గడప, దీపం, పొయ్యి. వార్డ్‌రోబ్ తలుపులు తరువాత వచ్చినా ఏ దోషమూ లేదు.

ఇక పనివారి సంగతి. పదిమందిని నడపడమంటే గట్టిగా అరవడం అనుకునేవారున్నారు. అరుపుకు భయపడ్డవాడు తప్పు కనిపించినా చెప్పడు, మీద టైలు వేసి మూసేస్తాడు. ఆ మేస్త్రి తాపీ పక్కన పెట్టగలిగాడంటే కూలి పోతుందన్న భయం లేకపోవడమే కారణం. ఇక్కడి చట్టం ప్రకారం జీతం కనీసం నెలకొకసారి, జీతం కాలం ముగిసిన 7 రోజుల లోపల ఇవ్వాలి. వారానికి ఒక విశ్రాంతి రోజు ఉండాలి. కస్టమరు డబ్బు ఆలస్యమైందని జీతం ఆపకూడదు. ఆ తేడా మేమే భరించాలి. భరించలేకపోతే అన్ని పనులు ఒప్పుకోకూడదు. అందుకే ఒకేసారి నాలుగు ఇళ్ళకు మించి పట్టుకోం. ఐదో ఇల్లు అడిగినవారికి ఫలానా నెలలో మొదలుపెడతామని చెబుతాం. కొందరు వేరేవారి దగ్గరికి వెళ్తారు. వెళ్ళనివ్వండి.

చివరిగా, ఇల్లు చేయించుకునే కుటుంబాలకు కొన్ని మాటలు. అన్నింటికంటే ముందు పని చేతులు మారేది మీ చేతి నుంచి మా చేతికే.

గోడ పగలకముందే నిర్ణయాలు అయిపోవాలి. టైలు ఏది, స్విచ్చులు ఎక్కడ, దేవుడి గది ఏ వైపు, అన్నీ కాగితం మీద ఉండాలి. అమ్మగారు ఒక మాట, అయ్యగారు ఒక మాట, ఊరి నుంచి వచ్చిన పెద్దవారు ఇంకో మాట నేరుగా మేస్త్రికి చెబితే అతను ముగ్గురి మాటా వింటాడు, చివరికి ఎవరి మాటా జరగదు. ఇంట్లో ఒకరు, మా వైపు ఒకరు మాట్లాడుకోవాలి.

కాంట్రాక్టరు పేరు హెచ్‌డీబీ జాబితాలో ఉందో లేదో చూడండి. కరెంటు పనికీ నీటి పైపుల పనికీ లైసెన్సు ఉన్నవారే రావాలి. కొత్త బ్లాకులో మొదటి 3 ఏళ్ళు బాత్‌రూమ్ నేల, గోడల టైల్స్ మార్చనివ్వరు. అడ్వాన్సుగా ఎక్కువ డబ్బు ఇవ్వకండి. ఏ దశ పూర్తయితే ఆ దశకే ఇవ్వండి. షెల్టర్ గదిని దేవుడి గదిగా వాడుకోవాలనుకుంటే వాడుకోండి గానీ ఆ గోడలు పగలగొట్టమని, ఆ ఇనుప తలుపు తీసేయమని ఎవరినీ అడగకండి. సరేనన్న కాంట్రాక్టరును అసలే నమ్మకండి.

ఇంకొకటి. పని మొదలయ్యే ముందు పై ఇంటికి, కింది ఇంటికి, పక్కింటికి మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి. మా నోటీసు తలుపు దగ్గర అంటించే ఉంటుంది. అయినా మీరు వెళ్ళి ఫలానా రోజుల్లో చప్పుడు ఉంటుందండీ, క్షమించండి అని చెబితే ఆ మాట వేరు. మేము పని ముగించుకుని వేరే ఇంటికి వెళ్ళిపోతాం. మీరు అక్కడే ఉంటారు.

ఆపమని చెప్పే పనివాడు మీ ఇంట్లో కనిపిస్తే విసుక్కోకండి. అతనికి ఒక కప్పు టీ ఇవ్వండి. ఆ రోజు మీ ఇంటికి అందరికంటే ఎక్కువ పని చేసినవాడు అతనే.

 కొత్త ఇళ్ళలోకి వెళ్తున్న కుటుంబాలకు శుభం కలగాలని కోరుకుంటున్నాం.